నీళ్ళ శాతం

సుబేదారి, హనుమకొండ
18 జూన్ 1979

ప్రియమైన నాన్నకు,

నీ లిదియా వందనాలు. నేను క్షేమం. అమ్మ పంపిన మామిడికాయ తొక్కు సీసా పగలకుండా చేరింది. నాతో గదిలో ఉండే కళావతి దాన్ని చూసి ‘ఇది నెలకా, వారానికా?’ అని అడిగింది. ఆ పిల్ల తినే తీరు చూస్తే వారానికే అయ్యేట్టుంది.

ఈ ఉత్తరం తొక్కు గురించి కాదు. కొట్లో గిరాకీ ఉంటే పంపించేసి, కూర్చుని చదువు.

రాయమల్లు దొరికాడు.

అవును, ఆ రాయమల్లే. నేను వెతకలేదు నాన్నా. తన కాళ్ళతో తానే నడుచుకుంటూ మా ల్యాబుకు వచ్చాడు, నెత్తి మీద మట్టి మూటతో.

మా కాలేజీ ఫౌండ్రీ ల్యాబుకు కొత్త పని వచ్చిందని రాశాను కదా. పోతపోసే అచ్చు కట్టాలంటే ఇసుక ఒక్కటే నిలవదు, బంకమట్టి కలపాలి. ఇది నీకు నేను చెప్పాలా! అందరూ వాడే బెంటొనైట్ మట్టి రాజస్థాన్ నుంచి రావాలి. వ్యాగన్లు దొరకక ఇక్కడి ఫౌండ్రీలు వారాల తరబడి పని ఆపుకుంటున్నాయి. అందుకని మన జిల్లాలోనే దొరికే మట్టి రకాలన్నీ పరీక్షించి, ఏది ఆ పనికి నిలబడుతుందో తేల్చమన్నారు. పేపర్లో ప్రకటన పడింది. అప్పటి నుంచి రోజూ ఎవరో ఒకరు మూట పట్టుకుని వస్తున్నారు. ఒకాయన పుట్టమన్ను తెచ్చాడు. ఇంకొకాయన తన ఇంటి గోడే గీకి తెచ్చాడేమోనని నా అనుమానం.

రిజిస్టరులో పేర్లు రాసేది నేనే. శుక్రవారం ఒక ముసలాయన మూట దించి నిలబడ్డాడు. తలెత్తకుండానే పేరడిగాను.

“రాయమల్లు, మేడం. నేను కొత్తోణ్ణి కాదు, ఫౌండ్రీ పనోణ్ణే. మట్టెవాడ ఫౌండ్రీల ఇసుక కలిపేటోణ్ణి, అరవై ఎనిమిది దాకా.”

నా కలం అక్కడే ఆగింది. అప్పుడు నాకు పదకొండేళ్ళు. నీకు చెప్పకుండా మట్టి మార్చాడు ఆ మనిషి. నువ్వు ఎప్పటిలాగే అచ్చు కట్టావు. కరిగిన ఇనుము పోయగానే అది లోపలి నుంచి ఎగదన్ని నీ కుడికాలు మోకాలి కింద దాకా తీసుకుపోయింది. దవాఖాన వరండాలో అమ్మ నన్ను పట్టుకుని ఏడుస్తూ ఒకే పేరు అన్నది. ఆ పేరును లెక్కల పుస్తకం వెనక రాసుకున్నాను, మర్చిపోతానేమోనని భయపడి.

మర్చిపోలేదు. ‘ఊరు?’ అని అడిగాను, మామూలుగానే. నర్సంపేట రోడ్డు మీద ఏదో పల్లె. అర ఎకరం చెలక ఉందట, జొన్న కూడా పండదట, అడుగున అంతా ఈ మట్టేనట. ఇది పాసైతే ఇక్కడి ఫౌండ్రీలన్నీ తన దగ్గరే కొంటాయని ఆశ. కాకపోతే మళ్ళీ ఊళ్ళో వాళ్ళ బావుల్లో పూడిక తీయడమే.

ఇప్పుడు చెప్పు నాన్నా, ఏం చేయమంటావు? నీ మాట కోసం చూస్తాను. చూస్తానే గానీ, నేను చేసేది నాకు ఇప్పటికే తెలుసు.

నీ బిడ్డ
లిదియా


నెక్కొండ
25 జూన్ 1979

ప్రియమైన నా బిడ్డ లిదియాకు,

ప్రభువు నామంలో నాన్న దీవెనలు. మీ అమ్మకు మోకాళ్ళ నొప్పి కొంత నయం. రెండు వానలు పడ్డాయి. వాన పడితే నా సైకిల్ కొట్టుకు పంచర్లు ఎక్కువ. స్టేషన్ రోడ్డు మీద మేకులు నేనే చల్లుతున్నానని యాకయ్య మేస్త్రీ అందరితో అంటున్నాడు.

నీ ఉత్తరం గురువారం వచ్చింది. రెండుసార్లు చదివాను. మీ అమ్మకు చదివి వినిపించలేదు. తొక్కు చేరిందని మాత్రం చెప్పాను. పాత సంగతులు లేపితే ఆమె తట్టుకోలేదు. నువ్వు కూడా ఆమెకు ఏమీ చెప్పవద్దు.

రాయమల్లు ఎలా ఉన్నాడు? ముసలాయన అని రాశావు, నాకంటే నాలుగేళ్ళు చిన్నవాడు. పిల్లలున్నారా? నా గురించి ఏమైనా అడిగాడా? నువ్వు ఎవరి బిడ్డవో అతడికి చెప్పకు. ఏం లాభం.

అందరి మట్టితో పాటే అతడి మట్టినీ చూడు. నీది సర్కారు కొలువు, అదీ టెంపరరీ. కోపం ఇంట్లో పెట్టి పనికి పో. మాట మీరి ఎవరితోనూ మాట్లాడకు. నీ నోరు నాకు తెలుసు, అది మీ నాయనమ్మ నోరు.

ఒక సంగతి అడుగుతాను. ఆ మట్టి ఏ రంగు? తడిపితే చేతిలో సబ్బులా జారుతుందా? ఊరికే అడుగుతున్నాను.

మళ్ళీ నెల మొదట్లో అమ్మ సకినాలు చేస్తానంటోంది. ఆరోగ్యం చూసుకో.

నీ నాన్న
ప్రభుదాసు


సుబేదారి
15 జూలై 1979

ప్రియమైన నాన్నకు,

వందనాలు. సకినాలు అందాయి. సగం నుగ్గయినా రుచి పోలేదు. కళావతి ఆ నుగ్గును పాలల్లో వేసుకుని తిన్నది.

నువ్వు అడిగిన రంగు బూడిద రంగు, కొంచెం పచ్చ ఛాయ. తడిపితే అచ్చం సబ్బులా జారుతుంది. నీకెలా తెలుసని ఒక పూటంతా ఆలోచించాను. తర్వాత అర్థమైంది. అప్పుడు తెచ్చిన మట్టి కూడా ఇదే! అదే చెలక నుంచి తవ్వి తెచ్చాడు. అప్పుడు నీ కాలి మీద పరీక్ష చేశాడు, ఇప్పుడు నా మిషన్ మీద చేయించుకుంటున్నాడు. ఎంత ధైర్యం!

ఇక చెప్పడానికి నాకే మనసొప్పని సంగతి ఒకటుంది. ఆ మట్టి మంచిది.

మా పరీక్ష ఎలా ఉంటుందంటే, ఇసుక, మట్టి, నీళ్ళు గ్రాములతో సహా తూచి మిషన్లో కలుపుతాం. కలిపింది ఒక ఇత్తడి గొట్టంలో పోసి పైనుంచి బరువుతో సరిగ్గా మూడు దెబ్బలు వేస్తే రెండంగుళాల దిమ్మె తయారవుతుంది. దాన్ని మిషన్లో నొక్కి, ఎంత బరువుకు విరుగుతుందో రాస్తాం. గాలి దానిలోంచి ఎంత తేలిగ్గా పోతుందో కూడా చూస్తాం. నీళ్ళు మూడు శాతం నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే పెంచుకుంటూ ఏడు దాకా పోవాలి. ఎందుకంటే ఒక్కో మట్టి ఒక్కో నీళ్ళ శాతం దగ్గర గట్టిగా ఉంటుంది, అది దాటితే ముద్దయిపోతుంది.

రాయమల్లు మట్టి నాలుగు దగ్గర రాజస్థాన్ మట్టి కంటే ఎక్కువ బరువు మోసింది. మిషన్ చెడిందేమోనని మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. అంటే మట్టిలో దోషం లేదు, ఆ మనిషి కలిపిన తీరులోనే దోషం. మంచి మట్టితోనే మనిషిని అవిటివాణ్ణి చేశాడంటే ఇంకెంత పనికిమాలినవాడో చూడు.

ప్రతి సోమవారం వస్తాడు. సైకిల్ స్టాండు గట్టు మీద కూర్చుంటాడు. “మేడం, నా మట్టి ముచ్చట ఏమాయె?” అంటాడు. ఇంకా కాలేదంటాను. “ఫికర్ లేదు మేడం, మల్ల సోమవారమొస్త,” అని లేచి పోతాడు. ఒకసారి పొద్దుటి నుంచి భోజనాల వేళ దాకా కూర్చోబెట్టి, హెడ్ సార్ లేరని పంపించేశాను. సార్ లోపలే ఉన్నారు. ఇంకోసారి, నీ మూట వానకు తడిసింది, ఇంకోటి తెమ్మన్నాను. తడవలేదు. బస్సు దిగి అంత దూరం ఎండలో మోసుకొచ్చాడు. కిటికీలోంచి చూశాను. కళ్ళు చల్లబడ్డాయి.

ఇప్పుడు అసలు సంగతి. మొదటి పరీక్ష రాసిన కాగితం చింపేశాను. అతడి మట్టికి మూడు దగ్గర మొదలుపెట్టను. ఆరు, ఏడు, ఎనిమిది. ఫారంలో అదే రాస్తాను. హెడ్ సార్ చూసేది బరువు రాసిన గడి ఒక్కటే, నీళ్ళ గడి వైపు ఆయన కన్ను పోదు. ఒక్క అంకె కూడా అబద్ధం రాయను నాన్నా. నీళ్ళు మాత్రం ఎక్కువ పోస్తాను, అంతే.

పదకొండేళ్ళ తర్వాత మన ఇంటికి న్యాయం ఇలా వస్తుందని ఎవరనుకున్నారు!

నీ బిడ్డ
లిదియా


నెక్కొండ
20 జూలై 1979

నా ప్రియమైన లిదియాకు,

నీ ఉత్తరం అందిన గంటలోనే రాస్తున్నాను. పోస్టుమాస్టరు డబ్బా తీయకముందే వేయాలి.

ఆ పని చేయకు. నాలుగు దగ్గర ఏం వచ్చిందో అదే రాయి. చింపిన కాగితం పోతే పోనీ, మళ్ళీ చెయ్యి.

కాలు పోయింది నాది. నేనే వద్దంటుంటే నీకెందుకు? ప్రతి ఏటా కృతజ్ఞత కూడికలో లేచి, నాకు కీడు చేసిన మనిషిని క్షమించానని సాక్ష్యం చెప్పే మనిషిని నేను. నా బిడ్డవు నువ్వే ఇలా చేస్తే ఆ సాక్ష్యానికి విలువేముంది?

ఆదివారం తప్పకుండా రా. నీతో మాట్లాడాలి. ఉత్తరంలో రాసేది కాదు.

నాన్న


సుబేదారి
6 ఆగస్టు 1979

ప్రియమైన నాన్నకు,

వందనాలు. ఆదివారం రాలేదని అలిగావు కదా. కావాలనే రాలేదు. వస్తే నువ్వు చేతులు పట్టుకుని బతిమాలుతావు, నేను మెత్తబడతాను. మెత్తబడాలని లేదు.

నువ్వు క్షమించావు, సంతోషం. నీకు దేవుడున్నాడు, సంఘముంది, లేచి చెబితే ఆమెన్ అనే వాళ్ళున్నారు. నాకు ఉన్నదేమిటి? బడికి పోయే ముందు నీ చెక్కకాలికి పట్టీలు బిగించింది నేను. పుండు రేగినప్పుడు నువ్వు పళ్ళు కరుచుకుంటే ఆ చప్పుడు విన్నది నేను. మట్టెవాడలో అచ్చులు కట్టడంలో పేరున్న మౌల్డర్‌వి, మా నాన్న పోసిన చక్రాలు ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో అని గొప్పలు చెప్పుకునేదాన్ని. అక్కణ్ణుంచి అమ్మవాళ్ళ ఊరు వచ్చి, రోడ్డు పక్కన ఎవడి సైకిలో తిప్పి చూసుకుంటూ కూర్చున్నావు. దానికి నువ్వు మాఫీ ఇస్తే ఇచ్చుకో. నా వాటా నేనివ్వను.

పని అయిపోయింది. రిపోర్టు మీద హెడ్ సార్ సంతకం పడింది.

సోమవారం నలుగురైదుగురు మట్టి తెచ్చినవాళ్ళు వరండాలో ఉన్నారు. అందరి ముందే పిలిచి చదివాను. “రాయమల్లు తెచ్చిన మట్టి అచ్చు ఇసుకకు పనికిరాదు. బలం లేదు. గాలి పోదు.” పుట్టమన్ను తెచ్చినాయన కూడా నవ్వాడు. నాకు ఆ నవ్వు ఎంత హాయిగా ఉందో ఎలా చెప్పను!

రాయమల్లు ఏడవలేదు, తిట్టలేదు. “ఆ దిమ్మె జర సూపిస్తరా?” అన్నాడు. విరిగిన ముక్క ట్రేలో ఉంటే ఇచ్చాను. రెండు వేళ్ళతో నలిపి చూసి, నా ముఖం వైపు చూశాడు. అప్పటిదాకా మేడం అన్నవాడు ఒక్కసారిగా మాట మార్చాడు.

“నీళ్ళెక్కువైనయి బిడ్డా. గీ మట్టికి గిన్ని నీళ్ళు పడయి. ఎన్కట ఒక మౌల్డర్‌కు గూడ గిదే చెప్పిన. రెండుసార్లు చెప్పిన. ఇనలే. కాలు పోగొట్టుకున్నడు.”

నా ముఖం మీదే, నాన్నా! నీ గురించి! ఒళ్ళంతా మండింది. “ఆ మౌల్డర్ ఇక్కడ లేడు కదా, ఎన్నైనా చెప్తావ్. తీస్కపో నీ మట్టి,” అన్నాను. మూట ఎత్తడానికి ఎవరూ సాయం పట్టలేదు. మోకాలు కిందికి ఆన్చి, దానిమీదికి మూట జరుపుకుని, అక్కణ్ణుంచి నెత్తికి ఎత్తుకున్నాడు. వెనక్కి చూడకుండా పోయాడు.

ఆ సాయంత్రం కళావతిని హోటలుకు తీసుకుపోయి మైసూరు బోండాలు తినిపించాను. ఏం పండగే అని అడిగింది. మా ఇంటి పండగ అన్నాను.

ఇంత చేసింది నీ కోసం. తిట్టుకో, ప్రార్థన చేసుకో, ఏమైనా చేసుకో. లోపల ఎక్కడో నీకూ సంతోషంగానే ఉంటుందని నాకు తెలుసు. బాగా చేశావు బిడ్డా అని ఒక్క మాట రాయి.

నీ
లిదియా


సుబేదారి
1 సెప్టెంబర్ 1979

ప్రియమైన నాన్నకు,

కార్డు రాస్తున్నాను. నెల కావస్తోంది, నీ జవాబు లేదు. అమ్మ పాస్టరమ్మ చేత రాయించిన కార్డు వచ్చింది. నువ్వు కొట్టు తెరవడం లేదనీ, సరిగ్గా తినడం లేదనీ ఉంది. జ్వరమా?

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ‘రెండుసార్లు చెప్పిన’ అన్నాడే, ఆ రెండుసార్లు నన్ను వదలడం లేదు. అబద్ధమాడేవాడికి చెప్పాననడం చాలు కదా, లెక్క ఎందుకు? పనిలో ఉన్నా అదే చెవిలో పడుతోంది.

అది అబద్ధమని ఒక్క ముక్క రాయి. నాకు నీ మాట చాలు.

లిదియా


నెక్కొండ
12 సెప్టెంబర్ 1979

నా ప్రియమైన తల్లికి,

నాన్న దీవెనలు. జ్వరం కాదు. ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపాను. ఇదీ చింపుతానేమోనని పోస్టాఫీసు బల్ల దగ్గరే కూర్చుని రాస్తున్నాను.

అబద్ధం కాదు. అతడు రెండుసార్లు చెప్పాడు.

ఆ నెల మాకు మామూలుగా వచ్చే మట్టి అయిపోయింది. రాయమల్లు తన చెలకలో మట్టి తెచ్చి ఫౌండ్రీ సేటుకు చూపించాడు, సేటు సరేనన్నాడు. పొద్దున ఇసుక కలుపుతూనే నాతో అన్నాడు. “అన్నా, ఇది పాత మట్టి కాదు. జర నీళ్ళు తక్కువ చల్లు. ఇది నీళ్ళు పట్టుకుంటే ఇడువది.” నేను వినీ విననట్టు ఉన్నాను. అచ్చు కట్టాను. చెక్క నమూనా పైకి తీసే ముందు అంచులు రాలకుండా తడపాలి. మేం అందరం నోట్లో నీళ్ళు పోసుకుని ఊదేవాళ్ళం. పాత మట్టికి మూడు నోళ్ళు ఊదేవాణ్ణి. దీనికీ మొదటిది ఊదాను. రాయమల్లు పరుగెత్తుకొచ్చి, “అన్నా, సాలు సాలు, ఇంక వద్దు,” అన్నాడు, అందరూ చూస్తుండగా.

నాకు పౌరుషం వచ్చింది. పదిహేనేళ్ళు అచ్చులు కట్టినవాణ్ణి. “ఇసుక తొక్కేటోడివి నువ్వు నాకు చెప్పుడేందిరా?” అన్నాను. వాడి ముఖం చూస్తూ రెండోది ఊదాను, మూడోది ఊదాను. అలవాటుకు కాదు, వాడికి చూపించడానికి నాలుగోది కూడా ఊదాను. లోపల ఆ నీళ్ళు ఆవిరై పోవడానికి దారి లేక ఇనుమును ఎగదన్నాయి.

నన్ను రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని దవాఖానకు తెచ్చింది రాయమల్లే. రెండు రోజులు మంచం దగ్గర నుంచి కదలలేదు. మూడో రోజు సేటు వచ్చి, తప్పెవరిది అని అడిగాడు. పక్కన తోటి మౌల్డర్లు ఉన్నారు. రాయమల్లు నా మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాడు. నేను అతణ్ణి చూస్తూనే, మట్టి మార్చిన సంగతి నాకు చెప్పలేదన్నాను. నలుగురి ముందు నా పనితనం పోతుందని భయం. కాలు అప్పటికే పోయింది, పేరైనా మిగలాలనుకున్నాను.  రాయమల్లు చేతిలో నాకు తెచ్చిన చాయ్ గిలాస ఉంది, దాన్ని కింద పెట్టి పోయాడు.

మీ అమ్మకు కూడా తెలియదు. నువ్వు ఆ పేరు పుస్తకంలో రాసుకున్నావని కూడా నాకు ఇప్పుడే తెలిసింది. చిన్నప్పుడు నీ కోపం చూసి, ఈ కోపంతోనైనా చదువుకుంటుందిలే అనుకున్నాను. ఇదీ ఒక సాకేనేమో.

ఇప్పుడు నా మాట విను. రిపోర్టు మార్చవచ్చు. తూచే మిషన్ తప్పు చూపిందని హెడ్ సార్‌కు చెప్పు. మిషన్ తప్పంటే ఎవరూ ఎవరినీ ఏమీ అనరు. రాయమల్లు మట్టి పాసవుతుంది, నీ కొలువు ఉంటుంది, పాతది పాతదిగానే పోతుంది. డిసెంబరులో నన్ను సంఘ పెద్దగా పెట్టాలనుకుంటున్నారు. ఈ వయసులో నన్ను పలుచన చేయకు తల్లీ. నీ కాళ్ళు పట్టుకుంటాను.

నీ
నాన్న


సుబేదారి
2 అక్టోబర్ 1979

ప్రభుదాసు గారికి,

మీ ఉత్తరం చేరింది. మళ్ళీ మళ్ళీ చదివాను. చాయ్ గిలాస దగ్గర ప్రతిసారీ ఆగాను.

అప్పుడు రాయమల్లు మీదికి నెట్టారు. ఇప్పుడు మిషన్ మీదికి నెట్టమన్నారు. ఆ మిషన్‌ను రోజూ తుడిచేది నేను. దానికి ఏ లోపమూ లేదు.

హెడ్ సార్ గదికి పోయి, చేసినదంతా నా చేత్తో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను. మీ పేరు రాయలేదు, పాత కక్ష అని మాత్రం రాశాను.  ఆయన లేచి వచ్చి నా పక్కనే నిలబడి, రాయమల్లు మట్టిని మూడు నుంచి ఏడు దాకా మళ్ళీ చేయించారు. నాలుగు దగ్గర ఆ దిమ్మె విరగడానికి పట్టిన బరువు చూసి ఆయనే ‘అరే’ అన్నారు. ఇప్పటిదాకా చూసిన పంతొమ్మిది రకాల్లో అన్నిటికంటే అదే గట్టిది. కొత్త రిపోర్టు అన్ని ఫౌండ్రీలకూ పోయింది. నన్ను ఒకటో తారీఖు నుంచి రావద్దన్నారు. గట్టిగా కూడా అనలేదు. అంటే బాగుండేది.

రిపోర్టు పట్టుకుని రాయమల్లు ఊరికి నేనే పోయాను. అరుగు మీద కూర్చుని మోకు పేనుతున్నాడు. కాగితం చదివి వినిపించి, తప్పు చేశాను, నేను ఫలానా మనిషి బిడ్డనని చెప్పబోయాను. చెప్పనివ్వలేదు.

“ఎరుకే. రెండో సోమవారమే ఎవరో నిన్ను లిదియా మేడం అని పిల్సిండ్రు. ప్రభుదాసన్న బిడ్డ పేరు నాకెరుక లేదా? మట్టెవాడల నిన్ను భుజాల మీద తిప్పిన,” అన్నాడు.

“తెలిసీ ఎందుకొచ్చావు మరి?” అన్నాను.

“నీకు నా మీద కోపమెందుకుంటది? అసలు సంగతి ఇంట్ల చెప్పుంటడు గదా అనుకున్న. ఆ దిమ్మె నలిపినంక ఎరుకైంది, చెప్పలేదని.”

పదకొండేళ్ళలో మీరు మాకు నిజం చెప్పే ఉంటారని, ఆయన ఒక్కడు మీ మీద నమ్మకం పెట్టుకున్నాడు. నేను ఎండలో మూటలు మోయించినప్పుడు కూడా ఆ నమ్మకంతోనే మోశాడు. 

ఆయన భార్య సమ్మమ్మ నీళ్ళిచ్చింది. మీ కాలు పోయిన తర్వాత ఆయన ఏ ఫౌండ్రీ గేటు దగ్గరికి పోయినా ‘కాలు తీసినోడు’ అని వెనక్కి పంపేవారట. ఆమె నాతో అన్నది ఆ ఒక్క మాటే.

క్షమించమని అడిగాను. రాయమల్లు చేతిలోని పురి చివరిదాకా పేనాడు. తర్వాత, “నీది మాఫ్ బిడ్డా. నువ్వు ఎరుక లేక చేసినవ్. మీ నాయినది మాఫ్ కాదు. నా మొకం జూసుకుంటనే చెప్పిండు,” అన్నాడు. ప్రతి ఏటా సంఘంలో మీరు ఆయన్ను క్షమిస్తున్న సంగతి నేను చెప్పాను. ఆయనకు మొదట అర్థం కాలేదు. ఇంకోసారి చెప్పించుకున్నాడు. అర్థమయ్యాక చేతిలో మోకు పక్కన పెట్టాడు.

అమ్మకు విడిగా రాశాను, అంతా రాశాను. అమ్మకు చదువు రాదు కాబట్టి పాస్టరమ్మ చేత చదివించుకుంటుంది. ఆ సంగతి తెలిసే రాశాను. పదకొండేళ్ళు ఒక పేరును తిట్టుకుంటూ పడుకున్నాను. ఆ కోపం మీ ఉత్తరంతో పోతుందని అనుకుంటే మీ పొరపాటు. అది ఎక్కడికీ పోలేదు, మీ వైపు తిరిగింది. నన్ను పలుచన చేయకు అని రాశారే, ఆ మాటకు ఇంకా ఎక్కువైంది.

నేను లేచి వచ్చేటప్పుడు రాయమల్లు అడిగాడు.

“గిప్పుడేడుంటాండు?”

మట్టెవాడ వదిలాక మీ జాడ ఆయనకు తెలియదట. తెలుసుకుని ఏం చేస్తావని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. సంచిలోంచి కాగితం తీసి, నెక్కొండ స్టేషన్ రోడ్డు, ప్రభుదాసు సైకిల్ షాపు అని రాసిచ్చాను. ఈ ఆదివారం పొద్దున ప్యాసింజరుకు పోతానని మాత్రం అన్నాడు. కొట్టు మూసి ఉంటే సంఘానికి ఎటు పోవాలో కూడా గీసి చూపించాను.

లిదియా